ఫోనునకు పట్టిన భ్రమ



నేడు నేను చెప్పదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. చేతిఫోనునకు ఏ తీగయు తగిలింపకున్నను, చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోను తగిలియున్నదని ఆ ఫోను భ్రమపడుట యొకటి కలదు. అట్టి భ్రమ పట్టిన ఫోను మ్రోగును గాని పలుకదు. ఆ భ్రమ యేల కలుగును, దాని నెట్లు పోగొట్టవలెను అనునదే నేటి ప్రసంగము. జీవితమంతయు బడిలో వ్యాకరణమును పద్యములును చెప్పినవానికి ఈ యంత్రములతో పనియేమని మీరడుగవచ్చును. పనియే నన్ను వెదకికొని మా యరుగుమీదికి వచ్చినది. ఆ కథ ముందు చెప్పెదను.

మా గ్రామము రాజోలు ప్రాంతమున వైనతేయపు గట్టున నున్నది. మా వీధిలో నొక వృద్ధురాలు కలదు. కొబ్బరిపీచుతో త్రాళ్లు పేనుకొని బ్రదుకుచున్నది. ఆమె యొక్కగానొక్క కూతురు కువైటులో నొక యింట పనికి కుదిరి కొన్ని సంవత్సరములైనది. మన కోనసీమనుండి కువైటునకు, మస్కటునకు, దుబాయికి బ్రతుకుతెరువు వెదకికొని పోయిన ఆడపడుచు లెందఱో మీకు తెలియును. ఇంట మిగిలిన తల్లిదండ్రులకు బిడ్డ గొంతు వినిపించునది ఫోనే. ఈ పిల్లకు పని ముగియునప్పటికి అక్కడ రాత్రి 9 గంటలగును. అప్పుడు మనకు 11.30. ఆ వేళ రెండు మాటలు మాటాడి ఇద్దఱును నిద్రపోవుట వారికి వాడుక. తల్లికి చదువు రాదు. ఆకుపచ్చ గుర్తు త్రోసినచో కూతురు పలుకును, ఎఱ్ఱగుర్తు నొక్కినచో మాట ముగియును: ఆ ఫోనులో ఆమెకు తెలిసిన విద్య యింతే.

వానకాలమున నొకనాటి యుదయమున ఆమె మా యింటికి వచ్చినది.

“మేష్టారండీ, మా పిల్ల ఫోను చేత్తందండి. మోగుద్దండి. ఎత్తితే పలకదండి. నాలుగు రాత్రుల్నించీ ఇదే వరసండి” అన్నది.

“ఏమైయుండును అక్కా?” అని యడిగితిని.

“నామీద కోపమేమోనండి. నిన్న రాత్రి నేనూ ఉండబట్టలేక, కన్నతల్లి బరువైపోతే ఆ మాట చెప్పెయ్యవే, ఈ మూగనోమెందుకే అని కేకలేశానండి” అని కొంగుతో కన్నులొత్తుకొన్నది.

బస్తీలో నొక దుకాణమున చూపగా, లోపలి స్పీకరు పోయినదనియు, బాగుచేయుటకంటె క్రొత్తది కొనుటయే మేలనియు చెప్పిరట. ఆమె చెవికమ్మలు కొంగున ముడివేసికొని వచ్చినది. వానిని తాకట్టు పెట్టవలెనన్న ఎవరు నమ్మదగినవారో నన్నడుగుటకే ఆమె వచ్చెను గాని, ఫోను చూపుటకు గాదు.

నేను ఫోను చేతికి తీసికొని చూచితిని. పైయంచున గడియారపు అంకెల ప్రక్క చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోను బొమ్మ చీమతలంత కనబడినది. ఫోనునకు తీగ లేదు. ఆమె యింటనే అట్టి తీగ లేదు. మా యింటి ఫోనునుండి దానికి పిలుపు చేసితిని; అది వీధి చివరకు వినబడునట్లు మ్రోగినది. మ్రోగిన ఫోనునకు స్పీకరు పోయినదనుట యెట్లు పొసగును?

తర్కము చదివినవారికిని, పురాణము విన్నవారికిని రజ్జుసర్పదృష్టాంతము తెలిసినదే. మునిమాపువేళ దారిలో పడియున్న త్రాటిని చూచి బాటసారి పామనుకొనును. గుండె దడదడలాడును, కాళ్లు వణకును. ఆ భయమంతయు నిజమే. పాము మాత్రము లేదు. అప్పుడు కఱ్ఱతో కొట్టినను ప్రయోజనము లేదు, మంత్రము వేసినను ప్రయోజనము లేదు. దీపము తెచ్చి చూచిన చాలును. ఈ ఫోను సంగతియు నట్లే యున్నదని నాకు తోచినది. దాని యవయవములు చెడలేదు. లేనిదానిని ఉన్నదని నమ్మి, ఆ నమ్మకము ననుసరించి నడుచుకొనుచున్నది.

ఆ నమ్మకము దానికెట్లు కలుగునో చెప్పుటకు ముందు, మీకు తెలిసిన ట్రాన్సిస్టరు రేడియోను జ్ఞాపకము చేసికొనుడు. దాని ప్రక్కన చిన్న రంధ్రముండెడిది. అందులో చెవితీగ పిన్ను గ్రుచ్చినంతనే రేడియో గట్టిగా పలుకుట మాని చెవిలో మాత్రమే పలికెడిది. ఆ రంధ్రములో పలుచని లోహపురేకు స్ప్రింగువలె నుండి, పిన్ను వచ్చి నెట్టగనే స్పీకరునకు పోవు దారిని త్రెంచెడిది. కొన్నియేండ్లకు ఆ రేకు బిగువు తప్పి, పిన్ను తీసినను స్వస్థానమునకు రాకయుండెడిది. అప్పుడు రేడియో చచ్చినదని యటుకమీద పారవైచినవా రెందఱో కలరు. ఈ రంధ్రపు వంశము ఇంకను పాతది. 1878 తరువాత అమెరికా టెలిఫోను కేంద్రములలో ఒకరి తీగను మఱియొకరి తీగకు కలుపుటకు వాడిన లావుపాటి మొనయు, దాని రంధ్రమును దీనికి తాతముత్తాతలు.

నేటి ఫోనులోని రంధ్రము 3.5 మిల్లీమీటర్ల వెడల్పు గలది. దీనిని జాకు అందురు. ఇందులో గ్రుచ్చు పిన్నును పరీక్షించి చూడుడు: నల్లని గీతలచే వేరుపడిన మూడో నాలుగో లోహపుపట్టీలు కానవచ్చును. ఒకటి కుడిచెవికి, ఒకటి యెడమచెవికి, ఒకటి తిరుగుదారికి. నాలుగవది యున్నచో మాటాడు మైకునకు. రంధ్రములో నీ పట్టీలను తాకు స్ప్రింగురేకులు కలవు. వానితోపాటు కావలివానివంటి రేకు మఱియొకటి కలదు. పిన్ను వచ్చినప్పుడు దాని స్పర్శ మాఱును. దానితో అతిస్వల్పమైన విద్యుత్తు ఒత్తిడి మాఱును. ఆ మార్పును చూచి ఫోను “హెడ్‌ఫోను వచ్చినది” అని నిశ్చయించుకొనును. అంతట మాటలనన్నిటిని ఆ రంధ్రము దారిని పంపును. కావలివాని మాటను ఫోను పరీక్షింపదు. తీగ యున్నదో లేదో చూచుటకు దానికి వేఱు కన్ను లేదు.

కొన్ని క్రొత్త ఫోనులలో ఈ గుండ్రని రంధ్రమే లేదు. ఛార్జింగుతీగ పెట్టు టైప్-సి నోటనే హెడ్‌ఫోనును తగిలింతురు. ఆ నోటిలోని కొన్ని లోహపుమొనల నడుమ విద్యుత్తునకు కలుగు నిరోధమును కొలిచి, వచ్చినది యేమో ఫోను తెలిసికొనును. ఆ మొనల నడుమ తడియో మురికియో చేరినచో అక్కడను ఇదే భ్రమ కలుగును.

ఇక మన సీమలో నిది యేల తఱచగునో చూతము. మొదటి కారణము పీచు. అంబాజీపేట కొబ్బరిబజారు మొదలుకొని మన పెరటి దొడ్డివఱకు పీచును, దాని పొట్టును లేని చోటు లేదు. లాల్చీ జేబులోని నూలుదుమ్ము, పొగాకుపొడి దానికి తోడగును. రెండవ కారణము చెమ్మ. రొంటిని దోపుకొన్న ఫోనునకు చెమట తగులును. వానలో తడిసిన చేయి తగులును. మూడవ కారణము ఉప్పు. అంతర్వేదినుండియు ఓడలరేవునుండియు వచ్చు సముద్రపుగాలిలో ఉప్పు కలదు, చెమటలోను కలదు. ఉప్పు కలిసిన తడి విద్యుత్తునకు మంచి దారి. వంటింటి ఉప్పుజాడీ వానకాలమున చెమర్చుట ప్రతి యిల్లాలును ఎఱుగును. జాకులో పేరుకొన్న ఉప్పును అట్లే చెమర్చును. తడి యారినపుడు నీరు పోవును గాని యుప్పు మిగులును. రాత్రి చల్లగాలికి మరల చెమ్మను పీల్చును. అందువలన ఈ జబ్బు పగలు తగ్గి, రాత్రి తిరుగబెట్టుట కలదు. అది చూచి దయ్యమనుకొనకుడు.

ఈ దోషమును గుర్తించుటకు మూడు చిహ్నములు. మొదటిది, పైయంచున హెడ్‌ఫోను బొమ్మ తీగ లేకున్నను నిలిచియుండుట. రెండవది, పిలుపు వచ్చినపుడు ఫోను మ్రోగి, ఎత్తిన పిమ్మట మాట వినబడకుండుట. అవతలివారికి మన మాట ఒక్కొక్కప్పుడు వినబడును, ఒక్కొక్కప్పుడు వినబడదు. లోనికి మైకు గల హెడ్‌ఫోను వచ్చినదని ఫోను తలచినచో మన మాటయు పోదు. మైకు లేనిది వచ్చినదని తలచినచో ఫోను తన మైకుతోనే మన మాటను పంపును. మూడవది, పాటలు తమంత తామే ఆగుట, మొదలగుట, పిలుపులు తెగిపోవుట. హెడ్‌ఫోను తీగమీది మీట నొక్కుట యనగా మైకు దారిని తిరుగుదారితో కలుపుటయే. తడి కూడ ఆ రెంటిని కలిపి, ఎవరో మీట నొక్కినట్లు ఫోనును మోసగించును.

ఇక చికిత్స. వరుస తప్పక వినుడు.

మొట్టమొదట, జబ్బు కుదురక ముందే మాట వినుట కొక యుపాయము. పిలుపును ఎత్తిన తరువాత తెరమీద “స్పీకరు” అను గుర్తు కనబడును, కొమ్ముబూరవంటి బొమ్మ. దానిని నొక్కినచో భ్రమలో నున్న ఫోను సైతము మాటను బయటి స్పీకరునకు పంపును. చదువురాని పెద్దలకు ఈ గుర్తును ఈ దినముననే చూపి, వారిచేత పదిమార్లు నొక్కింపుడు. నేటి ప్రసంగములో మఱేదియు జ్ఞాపకముండకున్నను ఇది యుండిన చాలును.

రెండవది, బ్లూటూత్‌ను ఆపి చూడుడు. ఏ తీగయు లేకయే గాలిదారిని హెడ్‌ఫోనులతో చేరు విద్య యిది. మనుమని చెవిబిళ్లలతోనో, వాకిట నిలిచిన కారుతోనో ఫోను చేరియున్నచో మాట అక్కడికి పోవును. అప్పుడు లోపము జాకులో లేదు.

మూడవది, ఫోనును పూర్తిగా ఆపి మరల వెలిగింపుడు. తీగను తీసినను పాత తలంపు వదలక పట్టుకొన్న ఫోను దీనితో తేరుకొనును.

నాలుగవది, నిజమైన హెడ్‌ఫోను నొకదానిని ఎరువు తెచ్చి, పిన్నును మెల్లగా గ్రుచ్చి తీయుడు. పదిమార్లు, మధ్యమధ్య కొంచెము త్రిప్పుచు. బిగుసుకొన్న రేకు కదలును, పలుచని మురికిపొర రాలును. నిజమైన దానిని చూపి తీసివేయుటచే ఫోనునకు “పోయినది” అను జ్ఞానమును కలుగవచ్చును.

ఐదవది, దీపము. ఫోనును ఆపి, టార్చివెలుగులో రంధ్రమును చూడుడు. పీచుపోగు గాని నూలుదుమ్ము గాని కనబడినచో, కొన మెత్తనైన కఱ్ఱ పంటిపుల్లతో అంచునుండి నెమ్మదిగా బయటికి లాగుడు, లోనికి నెట్టకుడు. పిన్నీసును, సూదిని, కమ్మితునకను లోన పెట్టకుడు. రేకులు వంగును, గీచుకొనును. చీపురుపుల్లయు వలదు, విరిగి లోన మిగులును. నోటితో ఊదకుడు, నోటి యావిరియు ఉమ్మియు చేరును. రబ్బరు గాలిబుడ్డి దొరకినచో దానితో గాలి కొట్టవచ్చును.

ఆరవది, ఆరుట. తడి తగిలినదని తోచినచో ఫోనును ఆపి, రంధ్రము క్రిందికుండునట్లు నిలిపి, ఫ్యానుగాలిలో ఒక రాత్రి యుంచుడు. ఎండలో పెట్టకుడు, పొయ్యిదగ్గఱ పెట్టకుడు. బియ్యపుడబ్బాలో పూడ్చుట పలువుర యాచారము. తవుడును నూకలును రంధ్రములో చేరుట తప్ప దానివలన కలుగు మేలు ఫ్యానుగాలికంటె నెక్కువ కాదు. టైప్-సి నోరు తడిసియున్నపుడు ఛార్జింగు పెట్టకుడు, మొనలు తినిపోవును. చేతులకు రాచుకొను శానిటైజరును లోన పోయకుడు. అందులో నీరును జిడ్డును కలవు.

వీనితో కుదురనిచో పనివాని కడకు పోవలయును. పోవునపుడు రోగము పేరు మనమే చెప్పవలెను. “ఫోను పలుకుటలేదు” అన్నచో అతడు స్పీకరును చూచును. “ఫోను బాగుగ మ్రోగుచున్నది, హెడ్‌ఫోను గుర్తు పోవుటలేదు, జాకును శుభ్రపఱచి చూడుము” అని చెప్పుడు. అతడు త్వరగా ఆరిపోవు స్పిరిటుతో లోన తుడుచును. రేకు వంగినచో జాకును మార్చును. అది చిన్న వస్తువు. క్రొత్త ఫోను మాట ఆ తరువాతిది. ఇంకొక హెచ్చరిక: ఎవరో తెలియనివాడు ఫోనులో మాటాడి, ఫలానా యాప్‌ను పెట్టుకొన్నచో దూరమునుండి తానే బాగుచేసెదనన్న నమ్మకుడు. ఆ దారిని బ్యాంకు సొమ్ము పోగొట్టుకొన్నవారు కలరు.

ఇప్పుడు మా వృద్ధురాలి కథ ముగించెదను. ఫోను ఆపి టార్చి వేసి చూడగా, జాకులో పీచుపోగు చుట్టలు చుట్టుకొని కనబడినది. ఆమె ఫోనును పీచుబుట్టలో పెట్టుకొని త్రాడు పేనునట. పోగు వచ్చినది, గుర్తు మాత్రము పోలేదు. ఆ రాత్రి 11.30 గంటలకు ఆమె మా యరుగుమీదనే కూర్చున్నది. ఫోను మ్రోగినది. ఎత్తి, స్పీకరు గుర్తు నొక్కి ఆమె చేతికిచ్చితిని.

“అమ్మా, ఇప్పుడు వినబడతందా?” అని గొంతు వచ్చినది. “నాలుగు రాత్రులూ నీ మాటలన్నీ నాకు వినబడతానే ఉన్నాయే. నీ తిట్లూ వినబడ్డాయి. నేను అరిచి అరిచి పలకతానే ఉన్నాను. నీకే వినబడలేదు.”

తల్లి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “అన్నం తిన్నావా?” అని యడిగినది. నేను లేచి లోనికి పోతిని.

ఆ రాత్రి ఫోనును ఫ్యానుక్రింద ఆరబెట్టితిమి. తెల్లవాఱునప్పటికి గుర్తు పోయినది. మఱునాటి రాత్రి మరల వచ్చినది. అది ఉప్పు చేసిన పని యని తలచి, మనుమని హెడ్‌ఫోను పిన్నును పదిమార్లు గ్రుచ్చి తీసి, మరల ఆరబెట్టగా మూడవనాటికి పూర్తిగా కుదిరినది. కమ్మలు తిరిగి ఆమె చెవుల కెక్కినవి. ఫోనిప్పుడు పీచుబుట్టలో నుండదు. మూతగల చిన్న డబ్బాలో గూటిలో నుండును.

పెద్దలారా, ఇది యొక యింటి ముచ్చట మాత్రమే యని తలపకుడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మన సీమను పెనుగాలివాన ఊడ్చివేసిననాడు మన చేతులలో ఈ ఫోనులు లేవు. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలు మునిగిననాడు కలవు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినపుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. నేడు ఆ వార్త లంకలోని ముసలివారికి, పట్టణములోని కొడుకు చేయు ఫోనుద్వారా ముందుగ చేరుచున్నది. “పడవ వచ్చుచున్నది, గట్టుకు రమ్ము” అని కొడుకు చెప్పుచుండగా, ఆ మాట పీచుపోగు కడ్డుపడి నిలిచిపోయినచో నేమగును? కావున తొలకరికి ముందు ఇంటిచూరు చూచుకొన్నట్లే, మీ వీధిలో ఒంటరిగ నున్న పెద్దల ఫోనులను చదువుకొన్న పిల్లలచేత ఒకమాఱు చూపింపుడు. పై గుర్తును చూడవలెను, రంధ్రమును చూడవలెను, స్పీకరు నొక్కుట నేర్పవలెను. పావుగంట పని.

అవతలివారు పలుకుటలేదని మనము నొచ్చుకొనునపుడు, వారు పలుకుచుండగా మనకు వినబడుట లేదేమో యని ఒకమాఱు దీపము పట్టి చూచుకొనుట మంచిది. ఆ నాలుగు రాత్రుల తరువాత నేనును ఈ పాఠము నేర్చితిని.